మానసిక ఆరోగ్యానికి సర్కారు డబ్బు ఎలా వస్తుంది, ఎక్కడ ఆగుతుంది? వరంగల్, ఉత్తర తెలంగాణ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో మానసిక వ్యాధితో బాధపడే మనిషి ఉన్నవారు మొదట మంచి డాక్టరు ఎక్కడున్నారని అడుగుతారు. తర్వాత మందుల గురించి అడుగుతారు. ఏడాదో రెండేళ్లో ఓపీ వరుసల్లో నిలబడ్డాక వారి ప్రశ్న మారుతుంది: ఇంత పెద్ద ఆస్పత్రుల్లో ఈ విభాగానికే మనుషులూ మందులూ ఎందుకు తక్కువ? ఆ రెండో దశకు చేరుకున్నవారి కోసం ఈ పేజీ. వైద్య సలహా కోసం డాక్టరునే అడగండి. ఇక్కడ ఉన్నది డబ్బు లెక్క మాత్రమే.

వరంగల్‌లో మానసిక ఆరోగ్యం మీద ప్రభుత్వం ఏటా ఎంత ఖర్చు పెడుతోంది?

ఒకే అంకెలో చెప్పగలిగే జవాబు లేదు. ఎవరో దాచిపెట్టడం వల్ల కాదు, ఈ డబ్బంతా ఒకే పద్దు కింద రాదు కాబట్టి. ఎంజీఎం ఆస్పత్రి కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధం. అందుకని అక్కడి మానసిక వైద్య విభాగం డాక్టర్ల జీతాలు వైద్య విద్య సంచాలకుల పద్దులో కలిసిపోయి ఉంటాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యాధికారి, ఏఎన్‌ఎంల ఖర్చు ప్రజారోగ్య సంచాలకుల పద్దుది. ఏరియా ఆస్పత్రి అయితే వైద్య విధాన పరిషత్తుది. మందులు కొనేది రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ. ఊళ్లకు వెళ్లి శిబిరాలు పెట్టాల్సిన జిల్లా బృందం జాతీయ ఆరోగ్య మిషన్ (ఎన్‌హెచ్‌ఎం) డబ్బుతో నడుస్తుంది. మానసిక వైకల్యానికి ఇచ్చే పింఛను అసలు ఆరోగ్య శాఖదే కాదు. మత్తు విడిపించే కేంద్రాలకు గ్రాంటు కేంద్ర సామాజిక న్యాయ శాఖ నుంచి వస్తుంది.

కాబట్టి ఎవరైనా వేదిక మీద "ఇన్ని కోట్లు ఇచ్చాం" అన్నప్పుడు వీటిలో ఏ పద్దు గురించి మాట్లాడుతున్నారో ముందు అడగండి. భవనం కట్టిన డబ్బూ, అందులో కూర్చునే డాక్టరుకు ఇచ్చే జీతమూ ఒకటి కాదు.

ఇది కేంద్రం బాధ్యతా, రాష్ట్రం బాధ్యతా?

ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. మానసిక వ్యాధి మాత్రం ఉమ్మడి జాబితా 16వ అంశం. అందుకే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని పార్లమెంటు చేసింది, దాన్ని అమలు చేసే ఆస్పత్రులను రాష్ట్రం నడుపుతోంది. హక్కు ఇచ్చేది ఒకరు, బిల్లు కట్టేది ఎక్కువగా మరొకరు. రాష్ట్రం కేంద్రాన్ని, కేంద్రం రాష్ట్రాన్ని చూపించడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు.

కేంద్ర బడ్జెట్‌లో మానసిక ఆరోగ్యానికి ఇచ్చే డబ్బు ఎటు పోతుంది?

2023-24 బడ్జెట్ అంచనాలు చూడండి. కేంద్ర ఆరోగ్య శాఖ పద్దులో నేరుగా మానసిక ఆరోగ్యం పేరిట కనిపించినవి సుమారు 919 కోట్ల రూపాయలు. అందులో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌కు దాదాపు 721 కోట్లు, అస్సాంలోని తేజ్‌పూర్ మానసిక వైద్య సంస్థకు 64 కోట్లు, టెలీమానస్ ఫోను సేవకు 134 కోట్లు. అంటే ప్రతి నాలుగు రూపాయల్లో మూడు రూపాయలకు పైగా ఒకే ఒక్క సంస్థకు చేరింది. నిమ్‌హాన్స్ గొప్ప సంస్థ, అక్కడ తయారైన నిపుణులు దేశమంతా పనిచేస్తున్నారు, ఆ డబ్బు వృథా అని ఎవరూ అనరు. కానీ ఏటూరునాగారం నుంచి బెంగళూరుకు ఎంత దూరమో ఆలోచిస్తే ఈ పంపకం ఎవరికి అందుబాటులో ఉందో తెలుస్తుంది.

జిల్లాలకు వెళ్లే డబ్బు ఈ 919 కోట్లలో లేదు. అది జాతీయ ఆరోగ్య మిషన్ ఉమ్మడి నిధిలో ఒక చిన్న వరుసగా ఉంటుంది. కేంద్ర బడ్జెట్ పుస్తకం తిరగేస్తే విడిగా కనిపించదు.

రాష్ట్ర బడ్జెట్ సంగతి?

తెలంగాణ 2025-26 బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు. అందులో వైద్య ఆరోగ్య శాఖకు 12,393 కోట్లు, అంటే నాలుగు శాతం పైచిలుకు. 2017 జాతీయ ఆరోగ్య విధానం రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో ఎనిమిది శాతానికి మించి ఆరోగ్యానికి పెట్టాలని, అదీ 2020 నాటికే జరగాలని చెప్పింది. ఆ నాలుగు శాతంలో గుండె, కిడ్నీ, ప్రసవం, డెంగీ, భవనాలు, జీతాలు అన్నీ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి లెక్కల ప్రకారం ప్రపంచ దేశాల ప్రభుత్వాలు తమ ఆరోగ్య ఖర్చులో మానసిక ఆరోగ్యానికి ఇచ్చే వాటా మధ్యస్థంగా రెండు శాతం. ప్రపంచమే అక్కడ ఉందని మనం ఊరట పొందవచ్చో లేదో మీరే నిర్ణయించుకోండి.

డీఎంహెచ్‌పీ అంటే ఏమిటి? డీఎంహెచ్‌ఓ కార్యాలయమేనా?

కాదు. డీఎంహెచ్‌ఓ జిల్లా వైద్య ఆరోగ్యాధికారి. డీఎంహెచ్‌పీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం. జిల్లాలో మొదటిది రెండోదాన్ని పర్యవేక్షిస్తుంది.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. పెద్ద మానసిక వైద్యశాలలకే పరిమితం కాకుండా జిల్లా స్థాయిలోనే, మామూలు ఆస్పత్రుల్లోనే వైద్యం అందించవచ్చని కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో నిమ్‌హాన్స్ చేసి చూపించింది. ఆ నమూనా మీద 1996లో నాలుగు జిల్లాలతో డీఎంహెచ్‌పీ ప్రారంభమై ఇప్పుడు 767 జిల్లాలకు మంజూరైంది. కాగితం మీద దేశంలో దాదాపు ప్రతి జిల్లాకూ ఉందన్నమాట.

బృందంలో ఒక మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కరు, మానసిక రోగుల సంరక్షణలో శిక్షణ పొందిన నర్సు, సామాజిక నర్సు, లెక్కలూ రికార్డులూ చూసే సిబ్బంది ఉండాలి. జిల్లా ఆస్పత్రిలో ఓపీ, పది పడకలు ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ, బడుల్లో కాలేజీల్లో కార్యక్రమాలు, ఆత్మహత్యల నివారణ కూడా వారి పనే.

ఒక్కో జిల్లాకు ఎంత ఇస్తారు?

12వ పంచవర్ష ప్రణాళిక కాలంలో రూపొందిన మార్గదర్శకాల ప్రకారం జిల్లాకు ఏటా గరిష్ఠంగా 83.2 లక్షల రూపాయల వరకు. తెలంగాణలో ఇందులో 60 శాతం కేంద్రం వాటా, 40 శాతం రాష్ట్రం వాటా.

"గరిష్ఠంగా", "వరకు" అన్న మాటలను దాటేసి చదవకండి. ఇది ప్రతి జిల్లా ఖాతాలో ఏప్రిల్ ఒకటిన పడే మొత్తం కాదు. అడిగి, ఒప్పించి, ఖర్చు చేసి చూపిస్తే అంతవరకు రావచ్చన్న హద్దు మాత్రమే.

మరి మా జిల్లాకు అంత రావడం లేదేం?

ఈ పేజీలో మిగిలినవన్నీ వదిలేసినా ఈ జవాబూ, తర్వాతిదీ చదవండి.

డబ్బు పైనుంచి కిందికి వస్తుందని మనం అనుకుంటాం. కానీ అడగడం కింది నుంచి మొదలుకావాలి. జిల్లా వైద్య ఆరోగ్య కార్యాలయం తన కార్యాచరణ ప్రణాళిక తయారు చేస్తుంది. ఇన్ని పోస్టులు, ఇన్ని శిబిరాలు, ఇంత మందుల ఖర్చు అని రాస్తుంది. 33 జిల్లాల ప్రణాళికలను రాష్ట్ర ఎన్‌హెచ్‌ఎం కార్యాలయం ఒక్కటిగా కూర్చి పీఐపీ (కార్యక్రమ అమలు ప్రణాళిక) పేరుతో ఢిల్లీకి పంపుతుంది. ఇప్పుడు దీన్ని రెండేళ్లకోసారి తయారుచేస్తున్నారు. అక్కడ జాతీయ సమన్వయ సంఘం ఒక్కో వరుసా చూసి కొన్నిటిని ఒప్పుకుంటుంది, కొన్నిటిని కోస్తుంది. ఒప్పుకున్నవాటి జాబితాను ఆర్‌ఓపీ అంటారు. అది జాతీయ ఆరోగ్య మిషన్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా దొరుకుతుంది. పేజీలకు పేజీలు పట్టికలు, చదవడానికి విసుగే, కానీ మన జిల్లా పేరు మీద ఏం ఒప్పుకున్నారో తెలుసుకోవడానికి అంతకన్నా నమ్మదగిన కాగితం లేదు.

ఆర్‌ఓపీలో ఉన్నంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. కేంద్రం వాటా రాష్ట్ర ఖజానాకు రావాలి, రాష్ట్రం తన 40 శాతం కలపాలి, ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి, ఎన్‌హెచ్‌ఎం ఖాతాకు చేరాలి, అక్కడి నుంచి జిల్లాకు ఖర్చు పరిమితి రావాలి. వెనకటి డబ్బుకు వినియోగ పత్రాలు ఇవ్వకపోతే తర్వాతి విడత ఆగుతుంది. ఇన్ని తూములు దాటాక మిగిలేది చివరి ఆయకట్టుకు వచ్చే నీళ్లంతే. ఎన్‌హెచ్‌ఎంలో తల్లీబిడ్డల ఆరోగ్యం, టీకాలు, క్షయ ముందుంటాయి. మానసిక ఆరోగ్యం కాలువ చివర ఉంటుంది.

మొదటి మెట్టు మీదే తప్పిపోయే సంగతి ఒకటి ఉంది. నిరుడు ఖర్చు కాని పద్దుకు ఈసారి ఎక్కువ అడగడానికి ఏ అధికారీ సాహసించడు. నిరుటి కాగితం తీసి, అంకెలు కాస్త అటూ ఇటూ చేసి పంపడం ఆఫీసుల్లో తేలికైన దారి. మానసిక వైద్యుడే లేని జిల్లా నుంచి మానసిక వైద్యానికి పెద్ద ప్రణాళిక రావడం అరుదు, ఎందుకంటే దాన్ని రాయాల్సిన మనిషే అక్కడ ఉండడు.

నిధులు మురిగిపోవడం అంటే ఏమిటి? డబ్బు చాలడం లేదంటూనే మురిగిపోయిందంటారేం?

ఏడాది లోపు ఖర్చు కాక చేజారిన డబ్బును మురిగిపోయిందంటారు. రెండు మాటలూ నిజమే. మానసిక ఆరోగ్యంలో ఖర్చు ఎక్కువగా మనుషుల మీదే. ఇక్కడ స్కానింగ్ యంత్రాలు, ఆపరేషన్ థియేటర్లు పెద్దగా అక్కర్లేదు. డాక్టరు, సైకాలజిస్టు, నర్సు, సోషల్ వర్కరు ఉంటే విభాగం ఉన్నట్టు. వారు లేకపోతే జీతం పద్దు ఖర్చు కాదు. జీతం లేనిచోట శిబిరం ఉండదు, శిబిరం లేకపోతే వాహనం, శిక్షణ, ప్రచారం పద్దులు కూడా కదలవు. ఒక్క ఖాళీ పోస్టు నాలుగు పద్దులను మింగేస్తుంది. మార్చి నెలాఖరుకు "వినియోగం తక్కువ" అని నమోదవుతుంది, మరుసటి ఏడాది అదే కారణం చూపి కోత పెడతారు.

కేంద్ర స్థాయిలోనూ ఇదే కథ. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం పద్దుకు 2018-19 బడ్జెట్‌లో 50 కోట్లు చూపారు, మరుసటి ఏడాది దాన్ని 40 కోట్లకు దించారు. సవరించిన అంచనాల దగ్గరికి వచ్చేసరికి అవి కూడా ఇంకా కుదించుకుపోయాయి. అందుకే బడ్జెట్ రోజు పత్రికల్లో వచ్చే అంకెను చూసి సంతోషపడకండి, బాధపడకండి. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం అని మూడు గడులు ఉంటాయి. మూడో గడి రెండేళ్ల తర్వాత వస్తుంది, దాన్ని ఎవరూ వార్తగా రాయరు.

పోస్టులు ఎందుకు నిండవన్నది వేరే ప్రశ్న. 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పిన లెక్క ప్రకారం దేశంలో లక్ష మందికి 0.75 మంది మానసిక వైద్యులున్నారు, ముగ్గురు ఉండాలి. కొరత నిజం. కానీ ఉన్న కొద్దిమందీ హైదరాబాద్ వదిలి భూపాలపల్లికో ఆసిఫాబాద్‌కో కాంట్రాక్టు మీద ఎందుకు వస్తారు? ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం, నగరంలోని ప్రైవేటు క్లినిక్‌తో పోటీ పడలేని జీతం. ఈ షరతులతో నోటిఫికేషన్ వేసి ఎవరూ రాలేదని రాసుకోవడం నియామకం అనిపించుకోదు.

ఉమ్మడి వరంగల్ ఆరు జిల్లాలైంది కదా, డబ్బు ఆరు రెట్లు అయిందా?

2016 అక్టోబరులో జిల్లా విడిపోయింది. 2019లో ములుగు విడిగా ఏర్పడింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. ఇప్పుడు వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ములుగు. ప్రతి జిల్లాకూ ఒక వైద్య ఆరోగ్యాధికారి, ఒక ప్రణాళిక, ఒక ఖాతా. కాగితం లెక్కలో ఇది లాభమే, ఎందుకంటే డీఎంహెచ్‌పీ జిల్లాను బట్టి ఇస్తారు.

కానీ మానసిక వైద్య నిపుణులు మాత్రం ఎక్కువగా పాత జిల్లా కేంద్రంలోనే ఉండిపోయారు. కొత్త జిల్లాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు రావడం ఇప్పుడు అసలైన మార్పు. కళాశాల ఉన్నచోట మానసిక వైద్య విభాగం ఉండాలి, అధ్యాపక పోస్టులు ఉండాలి, వాటికి రాష్ట్ర జీతం పద్దు ఉంటుంది. ఎన్‌హెచ్‌ఎం కాంట్రాక్టు పోస్టు కన్నా ఇది గట్టి పునాది. అయితే కళాశాల వచ్చినప్పుడు జిల్లా ఆస్పత్రి వైద్య విధాన పరిషత్తు నుంచి వైద్య విద్య శాఖకు మారుతుంది. డీఎంహెచ్‌పీ బృందం ఒక శాఖ కింద, అది కూర్చోవాల్సిన గది మరో శాఖ కింద. మీరు ఒక ఆఫీసుకు వెళ్తే రెండో ఆఫీసుకు వెళ్లమనడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్న ప్రాంతానికి ఎక్కువ డబ్బు ఇవ్వాలి కదా?

ఇవ్వాలి. 2022లో దేశంలో లక్ష మందికి 12.4 ఆత్మహత్యలు నమోదైతే తెలంగాణలో 26.3 నమోదయ్యాయి. రెట్టింపు కన్నా ఎక్కువ. డీఎంహెచ్‌పీ గరిష్ఠ పరిమితి మాత్రం అన్ని జిల్లాలకూ ఒకటే. జనాభా, దూరాలు, అడవి గూడేలు, ఆత్మహత్యల రేటు ఏదీ ఆ 83.2 లక్షలను కదిలించదు.

అవసరాన్ని కొలిచే లెక్కలే మనకు తక్కువ. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో తెలంగాణ లేదు. ఆ సర్వే ప్రకారం పెద్దవారిలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు, వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. మన ప్రాంతానికి విడి అంకె లేకపోవడంతో ప్రణాళిక రాసేవారు చివరికి ఓపీ రిజిస్టరు మీద ఆధారపడతారు. డాక్టరు లేనిచోట ఓపీకి ఎవరూ రారు. ఎవరూ రాలేదు కాబట్టి అవసరం లేదని తేలుతుంది. ఇది మాకు ఈ వ్యవస్థలో అన్నిటికన్నా కోపం తెప్పించే విషయం.

రైతు ఆత్మహత్యల పరిహారం మానసిక ఆరోగ్య పద్దులోదేనా?

కాదు. 1997-98లో పత్తి పంట దెబ్బతిని వరంగల్ జిల్లాలో రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నప్పటి నుంచీ ప్రభుత్వాలు ఈ విషయంలో ఖర్చు పెడుతూనే ఉన్నాయి, కానీ దాదాపు అంతా మరణం తర్వాతి ఖర్చు. ఆత్మహత్యగా నిర్ధారణ అయితే 2015 నుంచి 6 లక్షల పరిహారం. 2018 నుంచి రైతుబీమా కింద 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు, ప్రీమియం వ్యవసాయ శాఖ కడుతుంది. కౌలు రైతుకు ఇది వర్తించదు. ఈ పథకాలు తప్పని మేం అనడం లేదు, ఆ డబ్బుతో నిలబడ్డ కుటుంబాలున్నాయి. అయితే బతికి ఉన్నప్పుడు ఆ రైతు దగ్గరికి ఒక సోషల్ వర్కరు వెళ్లడానికి కావలసిన ప్రయాణ ఖర్చు ఏ పద్దులో ఉందో కూడా అదే గట్టిదనంతో అడగాలి.

కల్లు, గంజాయి, మద్యం అలవాటు మాన్పించే చికిత్సకు డబ్బు ఎక్కడిది?

కేంద్ర సామాజిక న్యాయ శాఖది. ఆ శాఖ మత్తు నివారణ కార్యాచరణ పథకం కింద స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలకు, ప్రభుత్వ ఆస్పత్రుల్లోని వ్యసన చికిత్స కేంద్రాలకు గ్రాంటు ఇస్తుంది. సహాయ ఫోను నంబరు 14446.

ఉత్తర తెలంగాణకు ఇది పక్క విషయం కాదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరుకు ఆగిపోయినప్పుడు నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వరకు ఆస్పత్రులు వణుకు, మూర్ఛ, భ్రాంతులతో వచ్చినవారితో నిండిపోయాయి. కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజీపామ్ అనే మత్తు మందులు ఒక్కసారిగా ఆగితే అలాగే అవుతుంది. దాడి చేసింది ఆబ్కారీ శాఖ, భారం మోసింది వైద్య శాఖ. దాడులకు ముందు పడకలు, మందులు సిద్ధం చేసుకోవాలంటే ఈ రెండు శాఖలూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. ఆ బల్లకు బడ్జెట్ పద్దు లేదు.

ఆస్పత్రిలో మందులు అప్పుడప్పుడు దొరకవు. అది కూడా నిధుల సమస్యేనా?

కొంతవరకే. మందులను రాష్ట్ర సంస్థ టెండర్ల ద్వారా కొని వరంగల్‌తో సహా పలుచోట్ల ఉన్న సెంట్రల్ మెడిసిన్ స్టోర్లకు పంపుతుంది. ఆస్పత్రులు ఇండెంటు (కావలసిన మందుల జాబితా) పెట్టి తెచ్చుకుంటాయి. ఇండెంటు తక్కువ పెడితే తక్కువే వస్తుంది. నిరుడు ఎంత వాడారన్నదాన్ని బట్టి ఇండెంటు పెడతారు, నిరుడు రెండు నెలలు సరుకు లేకపోతే వాడకం తక్కువగా నమోదై ఈ ఏడాది ఇంకా తక్కువ అడుగుతారు. లిథియం, క్లోజాపిన్ వంటి మందులకు మరో చిక్కుంది: వాటితోపాటు క్రమం తప్పకుండా రక్త పరీక్షలు చేయాలి. మందుకు డబ్బుండి పరీక్షకు ఏర్పాటు లేకపోతే డాక్టరు ఆ మందు రాయడానికి వెనకాడతారు.

మందు లేదన్నప్పుడు "బయట కొనుక్కోండి" అన్న మాటను నోటితో కాక చీటీ మీద రాయమని మర్యాదగా అడగండి. ఆ చీటీలు దాచుకోండి, తర్వాత పనికొస్తాయి.

చట్టం మనకు ఏ హక్కు ఇస్తుంది?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే మానసిక వైద్య సేవలు పొందడం ప్రతి ఒక్కరి హక్కు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు ఉన్నా లేకపోయినా, నిరాశ్రయులకు పూర్తిగా ఉచితం. వైద్యం కోసం దూరాలు తిరగాల్సిన పరిస్థితి రాకూడదు. ప్రతి జిల్లాలో కనీస సేవలు ఉండాలి, లేకపోతే ఆ జిల్లాలోనే వేరే చోట చేయించుకున్న వైద్యం ఖర్చు ప్రభుత్వం భరించాలి.

అదే సెక్షన్‌లో బడ్జెట్ గురించి ఉపసెక్షన్ ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కేటాయింపు చాలినంతగా, ప్రాధాన్యంతో, ఏటేటా పురోగతితో, సమన్యాయంతో ఉండాలంటుంది. చాలినంత అంటే ధరల పెరుగుదలను తట్టుకునేంత అని అక్కడే వివరించారు. 12వ ప్రణాళిక నాటి 83.2 లక్షలను ఈ కొలతతో ఒకసారి తూచి చూడండి. 31వ సెక్షన్ అంతర్జాతీయ ప్రమాణాల మేరకు నిపుణుల సంఖ్యను పదేళ్లలో చేరుకోవడానికి ప్రయత్నించాలంటుంది. ఆ గడువు 2028లో ముగుస్తుంది.

అయితే ప్రైవేటు డాక్టరుకు కట్టిన ఫీజు తిరిగి వస్తుందా?

చట్టంలో దారి ఉంది, చేతికి రావడం కష్టం. జిల్లాలో ప్రభుత్వ సేవ ఒకటైనా నడుస్తోందని చూపగలిగితే మీ వాదన బలహీనపడుతుంది. బిల్లులు, "ఇక్కడ ఈ సేవ లేదు" అని రాసిన చీటీలు లేకుండా ప్రయత్నించకండి.

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్, ఇన్సూరెన్స్ పనికొస్తాయా?

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. ఆయుష్మాన్ భారత్‌లో మానసిక వ్యాధుల ప్యాకేజీలున్నాయి. కానీ ఇవి ప్రధానంగా ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చు కోసం. మానసిక వ్యాధిలో ఇంటిని కుంగదీసేది చేరిక కాదు, నెలనెలా కొనే మందులు, పోగొట్టుకునే కూలి, తోడు వెళ్లే మనిషి ఛార్జీలు. అందుకే పరిమితి ఎంత పెంచినా మన కుటుంబాలకు తేడా తెలియదు. నిజం చెప్పాలంటే మహాలక్ష్మి ఉచిత బస్సు వచ్చాక కొడుకునో భర్తనో వెంటబెట్టుకుని ఓపీకి వచ్చే తల్లులకూ భార్యలకూ కలిగిన మేలు ఆరోగ్య బడ్జెట్‌లోని చాలా పద్దుల కన్నా ఎక్కువ. చేర్చాల్సి వస్తే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ప్యాకేజీ ఉందో లేదో ముందే అడగండి.

ప్రైవేటు ఇన్సూరెన్స్ విషయంలో చట్టం 21వ సెక్షన్ స్పష్టం: శారీరక వ్యాధికి ఇచ్చే పద్ధతిలోనే మానసిక వ్యాధికీ బీమా ఇవ్వాలి.

పింఛను వస్తుందా?

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక వ్యాధి ఒకటి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే దివ్యాంగుల పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2023లో దీన్ని నెలకు 4,016 రూపాయలకు పెంచారు. ఈ ధ్రువపత్రం ఇచ్చే శిబిరాలను జనం సదరం శిబిరాలంటారు, అక్కడ ఇప్పుడు యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు పేరు వింటారు. డాక్టరు శాతం లెక్కించేటప్పుడు తన పనులు తాను చేసుకోగలరా, నలుగురితో కలుస్తారా, మాట్లాడతారా, పనికి వెళ్లగలరా అన్నవే చూస్తారు. ఆ రోజు మనిషి శుభ్రంగా, నెమ్మదిగా కూర్చున్నాడని శాతం తగ్గిపోయిన సందర్భాలున్నాయి. ఇంట్లో రోజులు ఎలా గడుస్తున్నాయో తోడు వెళ్లినవారు వివరంగా చెప్పండి, పాత చీటీలన్నీ తీసుకెళ్లండి.

టెలీమానస్?

14416. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు, 2022 అక్టోబరు 10న మొదలైంది. ఫోనులో దొరికే మాట సాయం విలువైనదే. దాన్ని చూపించి జిల్లా పోస్టులు నింపకుండా ఉంటే మాత్రం ఒప్పుకోవద్దు.

లెక్కలు ఎలా అడగాలి?

సమాచార హక్కు దరఖాస్తుతో. జిల్లా కార్యాలయంలో రుసుము 10 రూపాయలు, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. "మానసిక ఆరోగ్యానికి ఎందుకు ఖర్చు పెట్టడం లేదు?" అని రాయకండి. ఆ చట్టం కింద దొరికేది రికార్డు, సంజాయిషీ కాదు. జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయ పౌర సమాచార అధికారికి ఇలా రాయండి: గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో డీఎంహెచ్‌పీ కింద మన జిల్లాకు ఒక్కో పద్దులో ఆమోదించింది ఎంత, విడుదలైంది ఎంత, ఖర్చైంది ఎంత? మంజూరైన పోస్టులు ఏవి, ఏ పోస్టు ఏ తేదీ నుంచి ఖాళీ, భర్తీకి ఎప్పుడు నోటిఫికేషన్ ఇచ్చారు? ఎన్ని శిబిరాలు ఏ గ్రామాల్లో ఏ తేదీల్లో జరిగాయి? మందుల గురించి ఆస్పత్రి సూపరింటెండెంటు కార్యాలయానికి విడిగా రాయండి. మందు పేరు చెప్పి నెలవారీ ఇండెంటు, వచ్చిన సరుకు, నిల్వ అడగండి. రోగుల పేర్లు అడగకండి, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

జవాబు రాకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. జవాబు వస్తే దాని నకలుతో సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పిన బాధ కన్నా, సొంత శాఖే ఇచ్చిన ఖాళీల పట్టిక జతచేసిన అర్జీకి జవాబు చెప్పక తప్పదు.

ఏడాదిలో ఎప్పుడు అడిగితే ఉపయోగం?

మార్చిలో కాదు, అప్పటికి అందరూ మిగిలిన డబ్బు ఖర్చు చూపించే తొందరలో ఉంటారు. జిల్లాల నుంచి రాబోయే ఏడాది అంచనాలు దసరా తర్వాత, సంక్రాంతి లోపు తయారవుతుంటాయి. మీ అర్జీ ఆ నెలల్లో డీఎంహెచ్‌ఓ బల్ల మీద ఉండాలి. దాని నకలు మీ ఎమ్మెల్యే కార్యాలయానికీ, మీ ఊరి ఆశా కార్యకర్తకూ ఇవ్వండి. ఏ ఇంట్లో ఎవరు మందులు మానేశారో ఆశాకు తెలుసు, ఆమె చేతిలోని పేర్ల సంఖ్య ప్రణాళికలో చేరితే ఆ జిల్లా "అవసరం లేదు" అని రాయలేదు.